సువరొట్టి లేని మనిషి

ఈ మధ్య పశువైద్యం చదువుకుని బయటికి వచ్చిన కుర్రవాళ్ళు ముగ్గురు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది సార్ అని అడిగారు. ఏనుగులు తిరిగే డెంకణికోటలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఏనుగు సంగతేదో చెబుతానని వాళ్ళ ఆశ. ఏనుగు కథ నా దగ్గర ఒకటి ఉంది. బాగానే ఉంటుంది, పెళ్ళిభోజనాల దగ్గర చాలాసార్లు చెప్పాను. వాళ్ళకూ అదే చెప్పి, కాఫీ ఇచ్చి పంపాను. వాళ్ళు గేటు దాటాక సిగ్గేసింది. నేను మరిచిపోలేని జంతువు ఏనుగు కాదు. ఆరు కిలోల పొమేరియన్ కుక్క. ఆ సంగతి వాళ్ళ ముందు నోటితో చెప్పలేకపోయాను. రాసి ఇస్తున్నాను.

ముందు మా ఇంటి గురించి నాలుగు మాటలు చెప్పాలి. గొప్పకు కాదు, తప్పు మొదలైంది అక్కడి నుంచే. డెంకణికోట అడవి అంచున పన్నెండు ఊళ్ళు ఒకప్పుడు మావి. నేను పుట్టేనాటికి ఊళ్ళు లేవు, భూమి లేదు, ఇంటి దూలాలు కూడా అమ్ముకున్నాం. మిగిలింది జనం నోట్లో ‘దొర’ అనే పిలుపు, మా వెన్నులో ఒక బిగువు. మా నాయన రేషన్ కొట్టు వరుసలో కూడా ఇస్త్రీ చొక్కాతో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఆయన నాకు నేర్పింది ఒకటే: మన వాకిటికి వచ్చినవాణ్ణి ఇంకొకడి వాకిటికి పంపకూడదు. సర్వీసంతా నేను దాన్ని వైద్యానికి వర్తింపజేశాను. డెంకణికోటలోగానీ మత్తూరులోగానీ ఒక్క పశువును కూడా ‘ఇది నా వల్ల కాదు, ఫలానా చోటికి తీసుకెళ్ళండి’ అని చీటీ రాసి పంపలేదు. అడ్డం తిరిగిన దూడను నేనే తీశాను, విరిగిన కాలు నేనే కట్టాను. కొన్ని బతికాయి, కొన్ని పోయాయి. పోయినవి ఎలాగూ పోయేవే అనుకున్నాను. మీ వయసులో ఆ మాట అనుకోవడం చాలా సులువు. నా వయసులోనూ సులువుగానే ఉండేది.

రిటైరయ్యాక, తమిళనాడు అంచున బెంగుళూరు పక్కనున్న హోసూరులో రెండు షట్టర్ల కొట్టు అద్దెకు తీసుకుని క్లినిక్ పెట్టాను. ఊరు ఫ్యాక్టరీలతో నిండిపోయింది, అపార్టుమెంట్లలో కుక్కలు నిండాయి. ఆవుల డాక్టరు కుక్కల డాక్టరయ్యాడు. మత్తూరులో నా దగ్గర పనిచేసిన కాంపౌండరు కూడా అప్పటికి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే పెళ్ళాంతో తగవులవుతున్నాయని వచ్చి చేరాడు. ముప్పై ఏళ్ళుగా అతను నన్ను ‘దొరా’ అనే పిలుస్తాడు. అది మర్యాదో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మా కొట్టు మీద అంతస్తులో ఒక దంతవైద్యురాలు ఉండేది. నెల్లూరు అమ్మాయి. భర్త ఇక్కడి కంపెనీలో ఇంజనీరు. ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు కిందికి దిగి వచ్చి, కుక్కల నోళ్ళు తెరిచి చూస్తూ ఉండేది. నాకు అది నచ్చేది కాదు.

అసలు మనిషి గురించి చెబుతాను. ఒక ఫ్యాక్టరీ టూల్‌రూంలో ఫిట్టరు. నలభై దాటినవాడు. వాళ్ళది తరతరాలుగా ఇక్కడే వ్యవసాయం చేసిన తెలుగు కుటుంబం. పొలం అన్నదమ్ముల మధ్య పంచుకోగా ఇతను కంపెనీ పనికి వచ్చాడు. పిల్లల్లేరు. మా వెనక వీధిలో ఇల్లు. వెంట్రుకవాసిలో పదో వంతు తేడా కూడా చేతివేళ్ళతో తడిమి చెప్పగలడని వాళ్ళ కంపెనీలో పేరు. ఆ వేళ్ళ నిండా ఇనుప అంచులు గీరిన సన్నటి గీతలుండేవి. ఒకటి మానేలోపు ఇంకొకటి.

ఏటా టీకాకు కుక్కను తనే తెచ్చేవాడు. చంకలో ఎత్తుకుని తెచ్చేవాడు. అది అతని గడ్డం, చెవులు, పెదాలు నాకుతూ ఉండేది. ఒక ఆదివారం మటన్ కొట్టు నుంచి నేరుగా వచ్చాడు. ఒక చంకలో కుక్క, ఇంకో చేతిలో సంచి. కాంపౌండరు సంచిలోకి తొంగి చూశాడు.

“ఏమప్పా, సువరొట్టి కూడా తెచ్చినావే. ఇంట్లో ఎవురన్నా నీళ్ళోసుకున్నారా ఏమి?”

ఈ మాట మీలో కొందరికి తెలియకపోవచ్చు. మేక ప్లీహాన్ని మా వైపు మటన్ కొట్లలో తమిళ మాటతోనే సువరొట్టి అంటారు. గోడకు అంటుకుని ఉండేది అని అర్థం. రక్తం పడుతుందని కడుపుతో ఉన్నవాళ్ళకూ బాలింతలకూ వండి పెడతారు.

అతను నవ్వాడు. “నాకే. నాది తీసేసినారు కదప్పా. బైకు మీంచి పడినప్పుడు లోపల పగిలిందని కోసి ఆడనే పారేసినారు. మేకది తింటే మళ్ళీ మొలుస్తుందేమో అని చూస్తాండా.”

“ఎన్ని మేకలు తిన్నావు ఇంతవరకు?”

“లెక్కలేదు. మొలవలా. కొమ్ములొచ్చేట్టుండాయి.”

నేనూ నవ్వాను. “సువరొట్టి పోయింది కానీ నీ నాలుక మాత్రం భద్రంగా ఉందప్పా” అన్నాను. కుక్కకు సూది వేశాను. కార్డులో తేదీ రాసి సంతకం పెట్టాను. కుక్క కార్డులో కుక్క చరిత్ర రాయడానికి గళ్ళుంటాయి. దాన్ని ఎత్తుకునేవాడి చరిత్ర రాయడానికి గడి ఉండదు. అయినా ఆ రోజు నేను విన్నాను. ప్లీహం లేని ఒంట్లోకి కొన్ని రకాల సూక్ష్మజీవులు చొరబడితే ఆపేవాడు లేడని రెండో సంవత్సరం పాఠంలోనే చదువుకున్నాను. మటన్ కొట్టు మాటలో చెప్పాడు కాబట్టి అది నాకు రోగచరిత్రగా వినపడలేదు. జోకుగా వినపడింది.

రెండేళ్ళ తర్వాత కుక్క నోరు చెడింది. ఈసారి తెచ్చింది అతని భార్య. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“సార్, దీని నోరు కంపు. ఇంట్లో కూర్చోను కాలా. ఆయప్పకేమో కంపే తెలీదు, పక్కలోనే పండుకోబెట్టుకుంటాడు. అన్నం తినేటప్పుడు ఒగ పక్కకే నములతాది.”

నోరు తెరిచాను. తొమ్మిదేళ్ళు పాలన్నం, బన్ను తిన్న చిన్నజాతి కుక్క నోరు ఎలా ఉంటుందో అలాగే ఉంది. వెనక పళ్ళ మీద బూడిద రంగు గార పెచ్చులు కట్టి ఉంది. చిగుళ్ళు ఉబ్బి, ముట్టుకుంటే రక్తం. కుడివైపు పెద్ద దవడ పన్ను కదులుతోంది, దాని మొదట్లో నొక్కితే చీము. పంటికీ చిగురుకూ మధ్య సందులో సన్నటి కడ్డీ పెడితే లోపలికి దిగిపోతోంది.

అదే సమయానికి పై నుంచి డాక్టరమ్మ దిగి వచ్చింది. టార్చి తీసుకుని తొంగి చూసింది.

“అచ్చం మా పేషెంట్ల నోరే సార్. పై గార కాదండీ సమస్య, అదంతా చిగురు కిందికి దిగిపోయింది. ఎక్స్‌రే తీసి, పూర్తి మత్తిచ్చి, నాలుగైదు పళ్ళు పీకేయాలి. లేకపోతే ఎముక కూడా తినేస్తుంది.”

“మా దగ్గర ఎక్స్‌రే లేదమ్మా” అన్నాను.

“బెంగుళూరులో కుక్కల పళ్ళకే ఆసుపత్రి ఉందంట కదండీ. గంట ప్రయాణం. ఒక చీటీ రాసిస్తే...”

కాంపౌండరు నా వైపు ఓరగా చూశాడు. “దొర చీటీ రాయడమ్మా. ఆ పెన్నులో ఇంకు లేదు.”

నవ్వుతూనే అన్నాడు. ఆమె కూడా నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. మనుషుల పళ్ళు తోమే అమ్మాయి నా టేబులు ముందు నిలబడి, నా కుక్కను ఎక్కడికి పంపాలో నాకు చెప్పడం. ఆ మాటలో తప్పేమీ లేదని అప్పుడే తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

“దీని గుండె చప్పుడులో తేడా ఉంది. పూర్తి మత్తు తట్టుకోదు” అన్నాను. గుండెలో తేడా ఉన్నది నిజమే. తట్టుకోదన్నది మాత్రం నేను తేల్చిన మాట కాదు, అడ్డం పెట్టుకున్న మాట. తేల్చే యంత్రాలు బెంగుళూరులోనే ఉన్నాయి.

డాక్టరమ్మ టార్చి ఆర్పింది. పైకి వెళ్ళిపోయింది.

కొద్దిగా మత్తిచ్చి, చేతి పనిముట్లతో పైకి కనిపించే గారంతా గీకేశాను. గంట పట్టింది. పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. పళ్ళు తెల్లగా మెరిశాయి. చిగురు కింద ఉన్నదంతా అక్కడే ఉంది. అంతేకాక, గీకిన చిగుళ్ళన్నీ పుళ్ళయి నోరు రక్తంతో నిండింది. మాత్రలు రాసిచ్చాను. ఆపైన, అడగకపోయినా, ఒక సలహా ఇచ్చాను.

“రోజూ ఒకసారి వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, చిగుళ్ళ వెంబడి రుద్దమ్మా. వెనక దవడ దాకా వేలు పోవాలి. నెలలో గట్టిపడతాయి.”

“నేనా సార్?”

“నువ్వే. ఇంట్లో ఉండేది నువ్వే కదా.”

ఆమె మొహం చూశాను. అసహ్యం. కానీ తలూపింది. పెద్ద డాక్టరు చెప్పాడు కదా.

పదిరోజులు గడిచాయి. ఒక ఉదయం క్లినిక్ తెరిచి ఇంకా కుర్చీలో కూర్చోలేదు, ఫోన్ వచ్చింది. ఫిట్టరు భార్య. గొంతు గుర్తు పట్టడానికి కొంచెం సేపు పట్టింది.

“సార్, ఆయప్పకు నిన్నటి నుంచి జరం. కడుపునొప్పి, వాంతులు. ఆసుపత్రిలో చేర్చినాము. ఒళ్ళంతా నల్లగా మచ్చలు వస్తాండాయి సార్. డెంగీ అన్నారు, కాదన్నారు. ఇప్పుడేమో ఇంట్లో కుక్క ఉండాదా, కరిచిందా అని అడగతాండారు. అది ఎప్పుడూ కరవలేదు గదా సార్. మీరే చెప్పండి, డాక్టరు పక్కనే ఉండాడు.”

ఫోను అతనికి ఇచ్చింది. యువకుడి గొంతు, తమిళంలో మర్యాదగా అడిగాడు. ఆ కుక్క మీ దగ్గరికే వస్తుందట కదా, దాని గురించి ఏమైనా తెలుసా అని. నేను నిలబడే మాట్లాడాను. ఆ కుక్కకు ఏటా టీకా నేనే వేస్తున్నాను, కార్డు మీద నా సంతకం ఉంది, కాటు లేదు, రేబిస్ మాటే లేదు అన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది. ఇంకో వాక్యం కూడా అన్నాను. “మీరు కుక్క వైపు చూడాల్సిన పని లేదు” అన్నాను.

అతను థాంక్స్ చెప్పి పెట్టేశాడు. అడిగినదానికి జవాబు చెప్పిన తృప్తితో నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు ఆరు కుక్కలను, ఒక పిల్లిని చూశాను.

కుక్క అనగానే మన బుర్ర ఒకే గాడిలో పోతుంది. కరిచిందా? కరిచింది. అయితే రేబిస్. కరవలేదా? అయితే ఏమీ లేదు. మీరు ఈ గాడిలో పడకండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోట్లో కూడా మనకు సరిపడని సూక్ష్మజీవులు ఉంటాయి. చిగుళ్ళ జబ్బున్న నోట్లో అవన్నీ కలిసి కాపురం చేస్తాయి. నాలుక మీద నుంచి, ఉమ్మి నుంచి, ఒక చిన్న గీత ద్వారా ఒంట్లోకి పోతాయి. మామూలు మనిషిలో ప్లీహం వాటిని రక్తంలో వడకట్టి పారేస్తుంది. వేలు కాస్త వాచి తగ్గిపోతుంది. ప్లీహం లేనివాడిలో ఒక పూటలో రక్తమంతా విషమవుతుంది. దీనికి కాటే అక్కర్లేదు.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ దిగి వచ్చింది. “ఆ పొమేరియన్ ఆయన ఏమయ్యారండీ? చిగుళ్ళకు నా దగ్గర చూపించుకుంటున్నారు, నిన్న రావాల్సింది. ఫోన్ తీయడం లేదు.”

అతని చిగుళ్ళూ చెడ్డాయని నాకు అప్పుడే తెలిసింది. మనిషికీ కుక్కకూ ఒకే జబ్బు. ఒకే పక్క, ముద్దులు, నాకుళ్ళు. వాళ్ళిద్దరి నోళ్ళ మధ్య గోడ లేదన్నమాట.

ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాను. జ్వరం, నల్లమచ్చలు, రేబిస్ కాదని నేను చెప్పిన సంగతి, అన్నీ చెప్పాను. ఆమె మొహం మారిపోయింది.

“సార్, ఆయనకు షుగరుందా? బాగా తాగుతారా? పాత ఆపరేషనేమైనా...”

మూల బల్ల దగ్గర సీసాలు తుడుస్తున్న కాంపౌండరు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“ఆయప్పకు సువరొట్టి లేదు గదా దొరా” అన్నాడు. ఈసారి ‘దొరా’లో ఎత్తిపొడుపు లేదు.

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. “స్ప్లీనమ్మా” అన్నాను. ఆమె చేత్తో నోరు మూసుకుంది.

ఆసుపత్రి రెండు కిలోమీటర్లు. షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని వెళ్ళాను. ఎప్పుడూ షేర్ ఆటో ఎక్కని మనిషిని. ఫోన్ చేయాలని మాత్రం తోచలేదు. డాక్టరు ఐసీయూ బయట దొరికాడు. చాలా చిన్నవాడు, రెండు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు. తమిళంలో చెప్పాను, అతనికి ప్లీహం లేదు, బైకు ప్రమాదంలో తీసేశారు, ఆ కుక్క నోటి నిండా చిగుళ్ళ జబ్బుంది, చేతివేళ్ళ మీద గీతలు ఉంటాయి, చూడండి అని.

అతను వింటూనే నర్సును పిలిచి మందులు మార్చమన్నాడు. ల్యాబుకు ఫోన్ చేశాడు. పొట్ట మీద పాత కుట్లు చూశామనీ, పేగు ఆపరేషన్ అని భార్య చెప్పిందనీ అన్నాడు. ఆమెకు తెలిసింది అంతే. డిశ్చార్జి కాగితం భర్తే ఎక్కడో పెట్టాడు. జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలని ఆ కాగితంలో తప్పకుండా రాసి ఉంటుంది.

పనులన్నీ అయ్యాక డాక్టరు నా వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

“మీకు ఇది ఎప్పటి నుంచి తెలుసు సార్?”

“రెండేళ్ళ నుంచి” అన్నాను.

అతను తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

నన్ను ఒక నిమిషం లోపలికి పోనిచ్చారు. ముక్కు కొస నల్లబడింది. పెదాలు నల్లబడ్డాయి. పది వేళ్ళూ మొదటి కణుపు దాకా బొగ్గులా ఉన్నాయి. ఇంకా స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూసి గుర్తు పట్టాడు. ఆక్సిజన్ మాస్కు కింద నుంచి ఏదో అన్నాడు. వంగి విన్నాను.

“పండ్లు తెల్లగా అయినాయి సార్. దినామూ నేనే రుద్దుతాండా.”

నేనే రుద్దుతున్నానన్నాడు. నేను చెప్పింది అతనికి కాదు. ఆమెకు. అప్పుడు నాకు ఆ తేడా తట్టలేదు. నా సలహా, అతని వేలు, ఆ పుళ్ళ చిగుళ్ళు, ఇవి మాత్రం ఒక్కసారిగా వరసలో కనిపించాయి. “బాగా చేశావప్పా” అన్నాను.

మూడోరోజు పొద్దున పోయాడు. మందులు ఒక రోజు ముందు మారి ఉంటే బతికేవాడా అని నేను ఆ డాక్టరును ఎన్నడూ అడగలేదు. అతనూ చెప్పలేదు. రక్తంలో పెరిగింది కుక్క నోటి జీవే అని వారం తర్వాత ల్యాబు కాగితం వచ్చింది. ఆ కాగితం చూపించడానికి ఆ డాక్టరే మా క్లినిక్‌కు వచ్చి, కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

వీధిలో మాట పాకింది. కుక్క మనిషిని చంపింది అన్నారు. పోయినవాడి అన్న, పెద్ద మీసాల రైతు, కుక్కను గోనెసంచిలో వేసి క్లినిక్‌కు తెచ్చాడు. సంచి టేబుల్ మీద పెట్టాడు.

“సూది వేసి ముగించేయండి సార్. ఇంట్లో ఇంగా ఎవురిని తినాలని.”

“కుక్క తప్పేమీ లేదప్పా.”

“మరి ఎవురిది?”

నేను సంచి మూతి విప్పాను. అది బయటికి వచ్చి టేబుల్ మీద నిలబడి వణుకుతోంది. “కుక్కను దాని ఇంటికి పంపించేయి. దాని యజమానురాలు చెబితే తప్ప నేను సూది పట్టను” అన్నాను. గొంతు పెద్దదైంది. అతను నన్నూ కుక్కనూ మార్చి మార్చి చూసి, “పెద్దోళ్ళ ఇంటి మాటలు” అని, సంచి అక్కడే పడేసి కుక్కను చంకలో ఇరికించుకుని వెళ్ళాడు.

“మరి ఎవురిది అని అడిగినాడు గదా, చెప్పుండొచ్చు దొరా” అన్నాడు కాంపౌండరు. నేను గోనెసంచి మడిచి మూలన పెట్టాను. అతను ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే, ఏ కేసులో ఎవరి దగ్గరికి పంపాలో అడ్రసులు సేకరించి బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను. క్లినిక్ మూసేదాకా చాలా చీటీలు రాశాను. దాంట్లో గొప్పేమీ లేదు. మీకది మొదటి రోజు నుంచే అలవాటు కావాలని చెబుతున్నాను. ఇంకొకటి. నోటి కేసు వచ్చిన ప్రతిసారీ, ఇంట్లో ఈ నోట్లో చెయ్యి పెట్టేది ఎవరు, వాళ్ళ ఒంట్లో ఏముంది, ఏం లేదు అని అడగండి. వాళ్ళు ఏ భాషలో, ఏ కొట్టు మాటలో చెప్పినా వినండి.

కర్మ అయిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. క్లినిక్‌లో ఎవరూ లేరు. కాంపౌండరు అన్నానికి వెళ్ళాడు. కుక్కకు గొలుసు వేసి నడిపించుకుంటూ వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. నేను కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక నిలబడే ఉన్నాను.

“ఒగ మాట అడగాల సార్.”

“అడగమ్మా.”

“గుడ్డ చుట్టి రుద్దమని మీరు చెప్పింది నాకు. ఆయప్పకు కాదు.”

“అవును.”

“రెండు దినాలు చేసినా. వాంతి వచ్చె. మూడో దినం, నీ కుక్క గదా, నువ్వే చేసుకో పో అని గుడ్డ ఆయప్ప మీదికి ఇసిరినా.” గొలుసును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. “నేనే చేసుంటే నాకు వచ్చిండునా సార్?”

ఐసీయూలో నేను పట్టించుకోని మాట అప్పుడు అర్థమైంది. ఆమె ఇన్నాళ్ళూ దేన్ని మోస్తోందో అర్థమైంది.

“వచ్చేదేనమ్మా. ఎవరికైనా వచ్చేదే” అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. “అట్లయితే ఆసుపత్రి సారు, సువరొట్టి లేనందుకే ఇట్ల అయింది, ఉన్నోళ్ళకు కాదు అని ఏంటికి చెప్పె?”

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అప్పుడు చెప్పాను, అంతా. ఆ రోజే చీటీ రాసి బెంగుళూరు పంపాల్సింది, పంపలేదు. ఆయనకు ప్లీహం లేదని నాకు తెలుసు, తెలిసీ ఇంట్లో వేలు పెట్టమని చెప్పాను. ఫోన్‌లో డాక్టరు అడిగితే కుక్క వైపు చూడొద్దన్నాను. తప్పు నాది, మొత్తం నాదే, నీది ఏమీ లేదు అన్నాను. మాటలు తడబడలేదు. ఎన్నో రోజులుగా లోపల సిద్ధంగా ఉన్నాయి కాబోలు.

ఆమె మధ్యలో ఆపకుండా విన్నది.

“తప్పు ఎవురిదని నేను అడగలేదు సార్” అంది. “నేను చేసుంటే వచ్చిండునా అని అడిగినా.”

తప్పంతా నాదని నేను ముందుకు రావడం కూడా ఆమె ప్రశ్నకు అడ్డం నిలబడటమేనని అప్పుడు తెలిసింది. బయట బస్సు హారన్ మోగుతూనే ఉంది. అది ఆగేదాకా ఆగాను.

“రాదమ్మా” అన్నాను.

“ఊ” అంది. లేచి కొంగు నడుముకు దోపుకుంది. కుక్కను లాగింది. అది మెట్ల దగ్గర నిలబడి దిగనంది, ఎప్పుడూ ఎత్తుకుని దించేవాళ్ళుండేవారు కదా. ఆమె ఒక్క క్షణం దాన్నే చూసి, వంగి ఎత్తుకుంది. అలవాటు కొద్దీ అది మొహం ఆమె మెడ వైపు తిప్పింది. ఆమె అరచేత్తో మెల్లగా దాని మూతిని అవతలికి తిప్పి, అలాగే పట్టుకుని, రోడ్డు దాటి వెళ్ళింది.